కొర్రమట్ట నెత్తురు

రాళ్ళచెల్క చెరువులో చేపలు చచ్చి తేలిన మూడోనాటికే, వాటిని చంపిందెవరో దొరకు తెలిసిపోయింది. దొరలకు ఇట్లాంటివి తొందరగానే తెలుస్తాయి. నీరడి ఏసోబు చెరువులో జెముడు పాలు కలిపాడని తన కోటలాంటి గడి అరుగు మీద కూర్చుని తేల్చేశాడు.

చెరువును కాసుకుంటూ, తూము విప్పి ఏ మడికి ఎన్ని నీళ్ళో పంచేవాడు నీరడి. ఏసోబు తాత ఆ పని చేశాడు, తండ్రి చేశాడు, ఏసోబు నలభై ఏండ్లుగా చేస్తున్నాడు. చెరువులో ఏ బండ కింద ఏ చేప పడుకుంటుందో కండ్లు మూసుకుని చెప్పగలడు. పదిరోజుల కింద దొర మనిషి వచ్చి, వంతు లేకపోయినా గడి మడికి నీళ్ళు విడవమన్నాడు. ఎండకాలం, చెరువులో ఉన్నదే మోకాలిలోతు. "గీ వంతు సోమన్నోళ్ళది బాంచెన్, ఎల్లుండి దొరది" అన్నాడు ఏసోబు. చేసిన నేరం అదీ. నీళ్ళు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు గానీ, రాళ్ళచెల్కలో ఆ రెండూ గడి వైపే పారాలి.

ఈ కబురు మోసుకుని ఏసోబు చెల్లెలు బిక్షమ్మ నల్లగొండ మిషన్ దవాఖానకు వచ్చింది. ఏసోబు బిడ్డ సుగుణమ్మ పద్నాలుగేండ్లుగా అక్కడ నెత్తురు గదిలో పని చేస్తోంది. బిక్షమ్మ కొంగుతో మొఖం తుడుచుకుని ఉన్నదంతా చెప్పింది. పట్నం నుంచి చేపల ఆఫీసరు వస్తున్నాడట. చేప నెత్తురును, చిన్నవి పెద్దగా చూపే అద్దంలో చూసి కాగితం రాస్తాడట. జహరని, అదే విషమని రాశాడా, ఏసోబును ఠాణాకు పంపుతారట.

"నెత్తురు చూస్తడా?" అంది సుగుణమ్మ. "ఏ నీళ్ళతోని రంగేస్తడట?"

"నాకేం ఎరుకనే. మీ నాయిన్ను కట్టేసిన్రంటే నువ్వు నీళ్ళ ముచ్చట అడుగుతవేంది?"

సుగుణమ్మ అప్పటికే లేచింది. డాక్టరమ్మను రెండు రోజుల సెలవు అడిగింది. సంచిలో నాలుగు జొన్నరొట్టెలు, తన బొమ్మల పుస్తకం, బిరడా బిగించిన వాననీళ్ళ సీసా పెట్టుకుని బండెక్కింది. దారి పొడుగునా ఆ సీసాను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకునే కూర్చుంది. ఈమెకు గాలి సోకిందేమోనని బిక్షమ్మ రెండుసార్లు నుదురు ముట్టి చూసింది.

ఆ నీళ్ళ సంగతి తెలియాలంటే సుగుణమ్మ చదువు సంగతి చెప్పాలి. ఆమె బళ్ళో చదివింది మూడో తరగతి. దవాఖానలో గాజు పలకలు కడగడానికి చేరింది. కడిగే చేతులు కుదురుగా ఉన్నాయని డాక్టరమ్మ నెత్తురు పూత పూయడం నేర్పింది. గాజు పలక మీద చుక్క పెట్టి, ఇంకో పలక అంచుతో పలచగా లాగి, ఆరబెట్టి, కణాలు కనబడేలా చేసే లీష్మన్ రంగు పోసి, కాసేపాగి నీళ్ళు కలిపి, కడిగి, అద్దం కింద పెట్టి చూడాలి. నేర్చుకోవడానికి నెత్తురు కావాలి కదా. జనం ఇచ్చేవాళ్ళు కాదు. సూది చూపిస్తే దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. చుక్క పోతే ఏడాది ఆయుష్షు పోతుందని వాళ్ళ లెక్క. అప్పుడు ఏసోబు నెలకోసారి నీళ్ళకుండలో బతికున్న కొర్రమట్టలు వేసుకుని బిడ్డ దగ్గరికి తెచ్చేవాడు. కొర్రమట్ట మొండి చేప, గుప్పెడు నీళ్ళలో కూడా బతుకుతుంది. సుగుణమ్మ దాని తోక కింద సూది పెట్టి చుక్క తీసుకునేది. సాయంత్రం ఆ చేప పులుసయ్యేది. చదువూ అయ్యేది, కూరా అయ్యేది.

మొదట్లో ఒక పొరపాటు చేసి దవాఖాననంతా నవ్వించింది. మనిషి ఎర్రకణం ఉత్త బిళ్ళ, లోపల ఏమీ ఉండదు. చేప ఎర్రకణం కోలగా ఉంటుంది, నడుమ నల్లటి గింజ ఉంటుంది. గింజ ఉన్నవన్నీ తెల్లకణాలే అనుకుని పొద్దంతా లెక్కపెట్టి, "ఈ చేప ఒళ్ళంత రోగమే డాక్టరమ్మా, ఇంత రోగంతోని ఎట్ల బతికిందో" అని చెప్పింది. డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వింది. సుగుణమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంతోనే పట్టు పట్టింది. నవ్విన నోళ్ళే మెచ్చుకునేదాకా వదల్లేదు.

చేప తెల్లకణాలకు ఆమె తన పేర్లు పెట్టుకుంది. ఒళ్ళంతా గింజే నిండి, చుట్టూ సన్నని అంచు మాత్రం మిగిలే చిన్న గుండ్రటివి గుండ్లు. రెండు కొసలూ సన్నగా ఉండేవి కదుర్లు. చుక్క తీసి ఆలస్యం చేస్తే ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని గుంపు కడతాయి, గాయం మూసేవి ఇవే. గింజ వంకర తిరిగి, కడుపులో సన్న రవ్వ పోసినట్టుండేవి రవ్వకణాలు. వాటిలోనే ఎక్కడో ఒకటి ఎర్రెర్రటి రవ్వతో కుంకుమ భరిణలా కనబడుతుంది. ఇక అన్నిటికంటే పెద్దది బానకడుపు. దీని గింజ గుర్రపు లాడంలా ఒక పక్కకు ఒదిగి, మిగతాదంతా కడుపే. కంటబడ్డ పురుగునల్లా మింగుతుంది. డాక్టరమ్మ వీటి ఇంగ్లీషు పేర్లు కూడా చెప్పింది, గుండ్లు లింఫోసైట్లు, రవ్వకణాలు న్యూట్రోఫిల్స్, బానకడుపులు మోనోసైట్లు అని. సుగుణమ్మ అవీ నేర్చుకుంది, కానీ లెక్కపెట్టేటప్పుడు నోట్లో వచ్చేవి తన పేర్లే.

రంగు మాత్రం ఊరికే పట్టదు. దానికి మంచి నీళ్ళు కావాలి. ఆ తావున బావినీళ్ళంటే పప్పుడకని నీళ్ళు, సబ్బు నురగరాని నీళ్ళు. తాగే పిల్లల పండ్లు గోధుమ రంగు తిరిగేవి. ఆ నీళ్ళు రంగులో కలిపితే పలకంతా నీలిమందు ముంతలో ముంచి తీసినట్టయి, రవ్వ అనేదే కనబడదు, అన్ని కణాలూ ఒక్కలాగే ఉంటాయి. ఇది పట్టుకోవడానికి సుగుణమ్మకు ఏడాది పట్టింది. అప్పటి నుంచి వానొస్తే చాలు, దవాఖాన పెరట్లో నాలుగు గుంజలకు ఉతికిన దుప్పటి కట్టి, నడుమ గులకరాయి వేసి, కింద కుండ పెట్టేది. ఆ నీళ్ళు సీసాల్లో పట్టి ఏడాదంతా వాడేది.

అందుకే బిక్షమ్మను అడిగింది, ఏ నీళ్ళని.

బండి రాళ్ళచెల్క చేరేసరికి పొద్దు బారెడెక్కింది. చెరువు కట్ట మీద డేరా వేశారు. కట్టకు పక్కనే తుమ్మమొద్దుకు ఏసోబును కట్టేశారు. పొద్దున ఆఫీసరుకు బతికున్న చేపలు కావలసి వచ్చి విప్పారు, బురదలోకి దింపి నాలుగు కొర్రమట్టలు పట్టించి, మళ్ళీ కట్టారు. మోకాళ్ళ దాకా బురద ఎండి పెచ్చులు కట్టింది. వాడకట్టు జనం దూరంగా నిలబడి చూస్తున్నారు.

"ఎందుకొచ్చినవ్ బిడ్డా," అన్నాడు ఏసోబు. "నౌకరి పోతది నీకు."

"చేపలు చావకముందు ఎట్లుండె నాయినా?"

"చావకముందు ఐదారు రోజులసంది నోళ్ళు మీదికి పెట్టి తిరిగినయి. పక్కలకు పుండ్లు. గడికి పోయి చెప్పిన. చేపల ముచ్చట నాకెందుకు, పోరా అన్నడు దొర."

సుగుణమ్మ మొద్దు దగ్గర వంగింది. తండ్రి కట్లు విప్పబోతే దొర మనిషి కర్ర అడ్డం పెట్టాడు. ఆమె సంచి సర్దుకుని లేచింది. నేరుగా డేరా వైపు నడిచింది.

డేరా ముందు ఆఫీసరు జవాను జానయ్య ఆపాడు. లోపల ఆఫీసరు స్టూలు మీద అద్దం పెట్టుకుని రాసుకుంటున్నాడు. ముప్పై దాటని మనిషి, పట్నంలో పెద్ద చదువు చదివినవాడు, చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాకపోతే చాలదని ఆయనకు ఇంకా తెలియదు, అంతే.

"సారూ," అని బయటి నుంచే పిలిచింది సుగుణమ్మ. "నల్లగొండ దవాఖానల నెత్తురు చూసేదాన్ని. చేపలల్ల ఏం కనబడ్డది?"

ఆఫీసరు తలెత్తాడు. నెత్తురు చూసే ఆడమనిషిని ఆయన ఎప్పుడూ చూడలేదు. కాస్త నవ్వుకుని, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, రోగంతో చచ్చి ఉంటే మిగిలిన చేపల్లో న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు పెరిగి ఉండాలి. రోగంతో కొట్లాడేవి అవే. నాకు ఒక్కటి కూడా కనబడలేదు. అన్నీ లింఫోసైట్లే. అంటే రోగం లేదు. జహర్."

"ఒక్కటి గూడ కనబడలేదా?"

"ఒక్కటీ లేదు."

"మంచిగున్న కొర్రమట్టల గూడ వందకు పదన్న ఉంటయి సారూ. పద్నాలుగేండ్లసంది లెక్కపెడుతున్న. అసలుకే లేవంటే నెత్తురు తప్పు కాదు, మీ రంగు తప్పు."

జానయ్య నోరు తెరిచాడు. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. కానీ చదువుకున్నవాడు కదా, పది అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. అన్ని పుస్తకాలు చదివి, అసలుకే లేకపోవడమేమిటని తనకు తట్టలేదు. ఆమెను లోపలికి రమ్మని, అద్దంలో చూడమన్నాడు. సుగుణమ్మ వంగి చూసింది. అనుకున్నట్టే ఉంది. అంతా నీలం.

"నీళ్ళేడివి?"

"గడి బావివి," అన్నాడు జానయ్య గర్వంగా. "దగ్గర్ల మాలోళ్ళ ఇండ్లున్నయి గని, వాళ్ళ నీళ్ళు సాబు సీసాలకు అంటుతయా? ఫర్లాంగు నడిచి తెచ్చిన."

"మంచి పని చేసినవ్," అంది సుగుణమ్మ. "గడి బావి చవుడు బావి. ఊర్ల అందరి పప్పు ఆలస్యంగ ఉడుకుతది, గడిల అసలుకే ఉడకది. ఆ నీళ్ళల్ల రవ్వ కనబడదు సారూ. ఇగో, వాననీళ్ళు తెచ్చిన. అదే చేప, అదే నెత్తురు, అదే మీ రంగు. నీళ్ళొక్కటి మార్చి చూడున్రి."

సీసా ముందుకు చాపింది. జానయ్య అడ్డం వచ్చాడు. "సాబ్, ఆ సీస మాలామె చేతిది. మన సామాను అంటుపడతది."

ఆఫీసరు ఆ సీసా వైపు చూసి, చేయి చాపబోయి ఆగాడు. ఆ ఆగడం అరక్షణమే. సుగుణమ్మకు ఆ అరక్షణం చాలు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అది.

"నువ్వు తాగేది లేదు సారూ," అంది. "గాజుముక్క తాగుతది. దానికి కులం లేదు."

ఆఫీసరు సీసా అందుకున్నాడు.

పొద్దున ఏసోబు పట్టిన కొర్రమట్టలు తొట్టిలో ఉన్నాయి, ఒకదాన్ని సుగుణమ్మే పట్టింది. దాని ఒంటి పక్కన రూపాయి బిళ్ళంత పుండు ఉంది. తోక కింద సూది పెట్టి చుక్క తీసి, ఊపిరి బిగబట్టి రెండు పలకల మీద లాగింది. తండ్రి మోకాళ్ళ మీది బురద కండ్లముందు ఆడుతున్నా పూత పలచగా, సమంగా వచ్చింది. రెండింటి మీదా ఆఫీసరు తన చేత్తో రంగు పోశాడు. ఒక పలకకు గడి బావి నీళ్ళు, ఒక పలకకు వాననీళ్ళు. కడిగి ఎండకు ఆరబెట్టారు.

మొదటి పలక చూశాడు ఆఫీసరు. నీలం. రెండో పలక పెట్టి, వంగి, మర తిప్పాడు. చాలాసేపు లేవలేదు.

"యా అల్లా," అన్నాడు మెల్లగా.

రవ్వకణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వందకు నలభై పైన లెక్కకొచ్చాయి. బానకడుపులు కండ్లకు కట్టినట్టున్నాయి, ఒక్కోదాని కడుపులో మింగిన సన్నటి పుల్లల్లాంటి పురుగులు. సుగుణమ్మ తన పుస్తకం తెరిచి పక్కన పెట్టింది. ఏండ్ల తరబడి గీసిన బొమ్మలు, మంచి చేపవి, నెలా తేదీ వేసి.

"జెముడు పాలకు చేప రెండు గంటల్ల చస్తది సారూ," అంది. "ఇంత దండు లేవాలంటే దినాలు పడుతది. చెరువు ఎండింది, నీళ్ళు మురిగినయి, చేపకు రోగమొచ్చింది. మా నాయిన ముందుగాలనే పోయి చెప్పిండు. ఎవరూ వినలే."

అంతలో గొడుగు పట్టించుకుని దొర వచ్చాడు. వెనుక నలుగురు మనుషులు. ఆఫీసరు లేచి కుర్చీ వేయించాడు. సంగతి విని దొర నవ్వాడు.

"నెత్తుర్ల ఏముంటది సాబ్. చూసేటోళ్ళకు ఏది గావాలంటే అది కనబడతది. ఠాణాకు కబురు పోయింది. మీరు జహరని రాయున్రి, పగటి భోజనం గడిల."

ఆఫీసరు కలం పట్టుకుని కాగితం వైపు చూశాడు, దొర వైపు చూశాడు. "రోగమూ కావచ్చు, జహరూ కావచ్చు అని రాస్తాను," అన్నాడు చివరికి. "మిగతాది పోలీసువాళ్ళు చూసుకుంటారు."

గోడ మీద పిల్లి అంటే ఇదే. సుగుణమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"రెండూ ఎట్ల రాస్తవ్ సారూ? ఇప్పుడు నీ కండ్లతోని ఒకటే చూస్తివి గద. చూసింది రాయి. చూడనిది రాయకు. రాసినవంటే నేనూరుకోను. ఈ రెండు పలకలు, నా పుస్తకం పట్నం పట్టుకపోత. నీకు చదువు చెప్పినోళ్ళ ముందర పెడత. గడి బావి నీళ్ళు పోసి రవ్వకణాలు లేవన్నడని చెప్త. వాళ్ళు నవ్వుతరు. నవ్వితె ఎట్లుంటదో నాకెరుక."

"నోరు ముయ్యే," అన్నాడు దొర.

"ముయ్య."

వాడకట్టు జనం డేరా దగ్గరికి జరిగారు. రాళ్ళచెల్కలో ఆ ఒక్క మాట దొర ముఖం మీద ఇంతవరకు ఎవరూ అనలేదు. దొర మనుషులు కదిలారు. ఆఫీసరు చేయి అడ్డం పెట్టాడు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. సుగుణమ్మ మాట తగలవలసిన చోటే తగిలింది.

"ఇది సర్కారు డేరా," అన్నాడు. "ఇక్కడ ఎవరి మీదా చేయి పడగూడదు. రోగమనే రాస్తాను. కానీ కాగితం మీద ఊరివాళ్ళ సాక్ష్యం ఉండాలె. అద్దంలో చూసినవాళ్ళే సాక్ష్యం. దొరగారూ, మీరు చూసి దస్తకత్ చేయండి."

దొర కుర్చీలోంచి కదలలేదు. అద్దం పొట్టి స్టూలు మీద ఉంది. చూడాలంటే లేచి వెళ్ళాలి, నడుం వంచాలి, మాలామె కన్ను ఆనిన చోట తన కన్ను ఆనించాలి. ఇంతమంది ముందర. "నాకెందుకు ఆ బాధ," అన్నాడు.

"అయితే చూసేటోళ్ళు చూస్తరు," అంది సుగుణమ్మ. బయటికి నడిచి, కర్ర అడ్డం పెట్టినవాణ్ణి పక్కకు తోసి, తుమ్మమొద్దు దగ్గర కూర్చుని తండ్రి కట్లు విప్పింది. ఆఫీసరు చూస్తుండగా ఆమెను ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. "రా నాయినా. నీ ముచ్చటనే గద. నువ్వు చూడు."

ఏసోబు డేరా గుమ్మం దగ్గర అలవాటుగా ఆగిపోయాడు. సుగుణమ్మ రెక్క పట్టి లోపలికి తెచ్చింది. స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి ఇంకో కన్ను ఆనించమంది. మర తిప్పింది. ఏసోబు మొదట ఏమీ కనబడటం లేదన్నాడు. తర్వాత ఇంకా దగ్గరికి వంగాడు.

"గా పెద్దది కనబడుతుందా, లాడం లెక్క గింజున్నది?"

"కనబడుతుంది బిడ్డా. కడుపుల ఏందో ఉన్నది."

"గదే రోగం. దాన్నే మింగుతుంది."

"ఒక్కటే ఇన్ని మింగిందా," అన్నాడు ఏసోబు. "ఎంత కొట్లాడింది."

ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. నలభై ఏండ్లు చేత్తో పట్టిన చేప లోపల ఇంత పెద్ద ఊరుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆఫీసరు కాగితం మీద రోగమని రాశాడు, కింద మొదటి సాక్షిగా నీరడి ఏసోబు పేరు రాశాడు. వేలిముద్రకు సిరా డబ్బీ తెరిచి పెట్టాడు.

అప్పుడు దొరకు తెలిసింది, ఆ కాగితం మీద తన పేరు లేదని. ఊరి సంగతి ఏదైనా సర్కారుకు పోతే మొదటి సంతకం గడిది. తాతల నాటి నుంచీ అంతే. ఇప్పుడు ఆ జాగాలో మాలోడి వేలిముద్ర పడబోతోంది. దొర కుర్చీలోంచి లేచాడు, గొడుగు పట్టినవాణ్ణి పక్కకు నెట్టి స్టూలు దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఏసోబూ, లేరా. నేను చూస్త."

ఏసోబు అద్దం మీది నుంచి కన్ను తియ్యలేదు.

"జర ఆగు దొరా," అన్నాడు. "నాది ఇంక కాలే."

దొర ఆగాడు.